డ్రైసూట్ జిప్పు: నీరు కారుతోందా, పట్టేసిందా, చిలుము పట్టిందా?

విజయవాడ దగ్గర కృష్ణలో, బ్యారేజీ ఎగువన, నగరం మధ్య కాల్వల్లో దిగేవాళ్లు డ్రైసూట్ (లోపలికి నీరు రాకుండా ఒంటిని కప్పే సూట్) వేసుకునేది చలికి కాదు, ఆ నీళ్లు ఒంటికి తగలకూడదని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు వీధుల్లో రోజుల తరబడి నిలిచింది మురుగు కలిసిన నీరే. అలాంటి చోట జిప్పు నుంచి చుక్క లోపలికొచ్చినా సూట్ వేసుకున్న ప్రయోజనం పోయినట్టే. మెడ దగ్గరో మణికట్టు దగ్గరో ఒంటిని అంటిపెట్టుకుని నీటిని ఆపే రబ్బరు సీలు చిరిగితే కొత్తది అతికించుకోవచ్చు. జిప్పు పోతే మాత్రం సూట్ మొత్తాన్ని వర్క్‌షాపుకు పంపాలి, అదీ మన ఊళ్లో దొరికే పని కాదు. అందుకే దీని సంగతి వివరంగా.

ముందుగా మీ జిప్పు ఏ రకమో చూసుకోండి. ఒకటి ఇత్తడి పళ్లది. ఇందులో నీటిని ఆపేది పళ్లు కాదు. పళ్లు రెండు రబ్బరు అంచుల్ని ఒకదానికొకటి గట్టిగా అదిమి పెడతాయి, నీరు ఆగేది ఆ అంచుల దగ్గర. రెండోది టిజిప్, వైకేకే లాంటివాళ్లు చేసే ప్లాస్టిక్ పళ్ల జిప్పు. తేలిగ్గా ఉంటుంది, చిలుము పట్టదు. ఈ రెంటికీ పూసేవి వేరు. ఒకదానికి పూసేది ఇంకోదానికి పూస్తే మంచి కంటే చెడే ఎక్కువ.

లోపల బట్టలు తడిశాయి

జిప్పును అనుమానించే ముందు చెమటను అనుమానించండి. మే నెలలో విజయవాడ ఎండ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో సూట్ వేసుకుని గట్టు మీద అరగంట నిలబడితే నీళ్లలోకి దిగకముందే లోపల వేసుకునే అండర్‌సూట్ పిండేలా తడుస్తుంది. చెమట తడి వీపు, చంకలు, ఛాతీ అంతటా సమంగా పరుచుకుంటుంది. లీకైతే తడికి ఒక మొదలు, ఒక దారి ఉంటాయి. జిప్పు దగ్గర మొదలై కిందికి చారగా దిగుతుంది. ముంజేయి మాత్రమే తడిస్తే మణికట్టు సీలును చూడండి. పిడికిలి బిగించినప్పుడు నరాల పక్కన పడే సందులోంచి నీరు దూరుతుంది. ఎడమ భుజం తడిస్తే గాలి వదిలే వాల్వును చూడండి.

సందేహం తీరకపోతే సూట్‌లో గాలి నింపి చూడాలి. మణికట్టు సీళ్లలో ప్లాస్టిక్ సీసాలు, మెడ సీలులో నున్నని గుండ్రటి డబ్బా దూర్చండి. గాలి వదిలే ఆ వాల్వును పూర్తిగా బిగించండి. జిప్పును చివరిదాకా మూసి, ఇన్‌ఫ్లేటర్ (సూట్‌లోకి గాలి పంపే వాల్వు) నుంచి కొద్దికొద్దిగా గాలి వదలండి. సూట్ నిండుగా కనబడాలి, వేలితో నొక్కితే లోపలికి పోవాలి. అంతకు మించితే కుట్లు విచ్చుకుంటాయి. లీటరు నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి స్పాంజితో జిప్పు పొడవునా రాయండి. మొదట వచ్చే నాలుగైదు బుడగల్ని పట్టించుకోవద్దు, అవి పళ్ల మధ్య ఉన్న గాలి. ఒకే చోటి నుంచి ఆగకుండా బుడగలు వరసకడుతుంటే అదే లీకు. దర్జీలు వాడే సుద్దతో అక్కడ గుర్తు పెట్టండి. పరీక్ష అయ్యాక సబ్బును మంచినీళ్లతో పూర్తిగా కడిగేయాలి.

బుడగలు జిప్పు చివర మాత్రమే వస్తున్నాయి

ఎక్కువసార్లు తేలేది ఇదే, ఎక్కువసార్లు పైసా ఖర్చు లేకుండా తీరేదీ ఇదే. మూసేటప్పుడు రన్నర్ (పళ్లను కలుపుతూ జిప్పు మీద జారే ముక్క) వెళ్లి కూర్చునే చివరి గూడు ఒకటుంటుంది. రన్నర్ దానికి నాలుగైదు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోయినా కంటికి మూసినట్టే కనబడుతుంది, నీళ్లు మాత్రం ఆ సందులోంచే వస్తాయి. జిప్పు వీపు మీద ఉంటే వేసుకున్నవాళ్లకు అది తెలియదు. తోటి మనిషి ఒక చేత్తో గూడు చివరను పట్టుకుని, రెండో చేత్తో రన్నర్‌ను తిన్నగా లాగి కూర్చోబెట్టాలి, ఆ తర్వాత వేలితో తడిమి చూడాలి. నీళ్లలో దిగేముందు ఈ తడమడం ప్రతిసారీ జరగాల్సిందే.

రన్నర్ పూర్తిగా కూర్చున్నా బుడగలు వస్తున్నాయంటే గూట్లో ఇసుక చేరి ఉండొచ్చు. వరద తగ్గాక కృష్ణలో ఉండే సన్నని ఒండ్రు కంటికి ఆనదు, గూడు అడుగున పేస్టులా గట్టిపడుతుంది. మెత్తని టూత్ బ్రష్‌తో, గోరువెచ్చని సబ్బు నీళ్లతో తోమి, నీళ్లు ధారగా పోసి కడగండి. సూది, పిన్నీసు లాంటివి లోపల పెట్టి గీకవద్దు. గూటి లోపలి రబ్బరు మీద ఒక్క గీత పడితే ఆ లీకును ఇక ఏదీ ఆపదు. ప్లాస్టిక్ జిప్పయితే ఆరాక గూట్లో కందిగింజంత సిలికాన్ గ్రీజు పెట్టి, రన్నర్‌ను రెండుసార్లు ఆడించి, పైకి వచ్చిన గ్రీజును తుడిచేయండి.

రన్నర్ మధ్యలో పట్టేసింది, లేదా లాగడానికి బలం కావాల్సి వస్తోంది

పట్టేసిన చోట ఆగండి. ఐదు సెంటీమీటర్లు వెనక్కి తెచ్చి, లైటు వేసి చూడండి. చాలాసార్లు అండర్‌సూట్ బట్ట గానీ లోపలి ఫ్లాపు గానీ పళ్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఇంకొంచెం బలంగా లాగితే పోతుందిలే అనుకుని లాగడం వల్లే పళ్లు వంగుతాయి. నూలు పోగు అడ్డుపడితే లాగి తెంపవద్దు, పళ్లు అమర్చిన పట్టీ నేత విడిపోతుంది. చిన్న పదునైన కత్తెరతో మొదలంటా కత్తిరించండి.

ఏమీ ఇరుక్కోకపోయినా ఇత్తడి జిప్పు బిగుసుగా ఉంటే, జారడానికి పళ్లకు పూసిన మైనం అయిపోయిందని అర్థం. దాన్ని ముందు కడిగి ఆరబెట్టండి. మూసి ఉంచి, బయటి పళ్ల మీద పొడవునా జిప్పు మైనపు కడ్డీ రుద్ది, రన్నర్‌ను నెమ్మదిగా రెండు మూడుసార్లు నడపండి. కడ్డీ లేకపోతే తేనె మైనం, అదీ లేకపోతే రంగూ వాసనా లేని తెల్ల కొవ్వొత్తి. లోపలి రబ్బరు అంచులకు మాత్రం మైనం తగలకూడదు. తగిలితే దానికి ఇసుక అంటుకుంటుంది, అంచులు కలవవు.

ఇంట్లో చేతికి దొరికేవి కదా అని కొబ్బరినూనె, మిషన్ నూనె, వాజలీన్ పూయకండి. రబ్బరు ఉబ్బుతుంది, జిడ్డుకు దుమ్ము పడుతుంది. సిలికాన్ స్ప్రే కూడా ఇత్తడి జిప్పుకు వద్దు. అది పట్టీలోకి ఇంకిపోతుంది, రేపు రిపేరుకు పంపితే జిగురు అంటుకోదు.

లాగే పద్ధతి కూడా జిప్పు ఆయుష్షును తేలుస్తుంది. రన్నర్ ఎప్పుడూ పళ్ల వరసకు తిన్నగానే కదలాలి. వేసుకునే ముందు, విప్పే ముందు జిప్పును చివరంటా తెరవండి. సగం తెరిచి భుజాన్ని దూర్చితే, తెరిచిన భాగం ఆగిన చోట ఉన్న రెండు మూడు పళ్ల మీదే మొత్తం బరువు పడుతుంది. ఇత్తడి జిప్పులు ఎక్కువగా పోయేది అక్కడే.

పళ్ల మీద పచ్చని చిలుము

సముద్రంలో దిగివచ్చిన సూట్‌ను కడగకుండా మడిచి పెడితే వస్తుంది. పైపైన ఉంటే సబ్బు నీళ్లు, టూత్ బ్రష్ చాలు. గట్టిపడితే వెనిగర్‌లో సమంగా నీళ్లు కలిపి, బ్రష్‌తో పళ్లకు మాత్రం అద్ది, ఐదు నిమిషాల్లో బాగా కడిగేయండి. ఇత్తడి చెంబుల్ని మెరిపించే చింతపండు ఇక్కడ పనికిరాదు, పీచు పళ్లలో ఇరుక్కుంటుంది. సామాన్లు తోమే పొడి అసలే వద్దు. దాని రేణువులు పళ్ల మధ్య మిగిలిపోయి, రన్నర్ కదిలిన ప్రతిసారీ లోహాన్ని అరగదీస్తాయి.

మురుగులో దిగివచ్చాక క్రిముల కోసం బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లలో సూట్‌ను నానబెట్టకండి. ఘాటు క్లోరిన్ ఇత్తడినీ, లేటెక్స్ సీళ్లనూ తినేస్తుంది. సూట్ తయారీదారు ఒప్పుకున్న క్రిమిసంహారకాన్నే, చెప్పినంత సేపే వాడి, జిప్పును తెరిచి, మూసి రెండు విధాలా కడగాలి.

పన్ను వంగింది, ఊడింది, పట్టీ పగిలింది

పట్టీ బయటి అంచు కొద్దిగా లేస్తే, శుభ్రం చేసి ఆరబెట్టి, యూరిథేన్ జిగురు పల్చగా పూయవచ్చు. పళ్లకు కనీసం 3 మిల్లీమీటర్లు ఇవతలే ఆగాలి, రాత్రంతా కదపకూడదు. పన్ను ఊడితే, పళ్ల మొదట్లో పట్టీ పగిలితే ఇక ఆ జిప్పు మార్చాల్సిందే. వంగిన పన్నును పట్టుకారుతో సరిచేయబోతే పక్క పన్ను కదులుతుంది. జిగురుతో పూడ్చిన జిప్పుతో మురికినీళ్లలో దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వన్‌టౌన్‌లో బ్యాగులకు జిప్పులు వేసేవాళ్ల పని ఎంత బాగున్నా ఇది వాళ్లకు ఇవ్వకూడదు. మామూలు సూది కుట్టు పడిన ప్రతి రంధ్రమూ ఒక లీకు. డ్రైసూట్లు బాగుచేసే వర్క్‌షాపుకే పంపండి.

వాడకుండానే పాడైంది

కారణం దాచిన చోటే. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వేడికి మైనం కరిగి లోపలి అంచుల మీదికి పాకుతుంది, పట్టీ రబ్బరు గట్టిపడుతుంది. డాబా మీది రేకుల గదీ అంతే. కింది అంతస్తులో, గోడకు ఆనకుండా, వెడల్పాటి హ్యాంగరుకు తగిలించండి. నీళ్ల మోటారు పక్కన వద్దు, మోటార్ల మెరుపుల్లోంచి పుట్టే ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది. మడవక తప్పకపోతే జిప్పు ఎక్కడా మెలిక పడకుండా, గుండ్రంగా ఒంపు తిరిగేలా చుట్టి, మీద ఏ బరువూ పెట్టకండి. ఇత్తడి జిప్పును మైనం రాసి తెరిచి ఉంచడం మామూలు పద్ధతి. ప్లాస్టిక్‌ది తెరిచి ఉంచాలా మూసి ఉంచాలా అన్నదానికి సూట్‌తో వచ్చిన పుస్తకం ఏం చెబితే అది చేయండి. వానాకాలంలో నెలకోసారి తీసి, ఫ్యాను కింద ఆరబెట్టి, రన్నర్‌ను ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు నడిపి మళ్లీ తగిలించండి.