ఫజర్ రాత్రంతా తిరిగింది, ఒక్క బగ్గూ దొరకలేదు: ఎందుకు?

తోతాపురి సీజన్‌లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. అప్పుడు కాటా లెక్క ఆగిందంటే గేటు దగ్గర గొడవే. ఆ కాటా పంపే బైనరీ రికార్డులు చదివే పార్సర్‌ను మేం సీ భాషలో రాశాం. సీజన్ మొదలవకముందే దాన్ని లిబ్‌ఫజర్‌కు అప్పగించాం. ఇది ఫజర్, అంటే ఇన్‌పుట్‌ను రకరకాలుగా మార్చి ప్రోగ్రామ్‌కు ఇస్తూ, ఎక్కడ కూలుతుందో (క్రాష్) వెతికే పరికరం.

సమస్య: రాత్రి నడపడం మొదలుపెట్టి, పొద్దున వచ్చి చూస్తే క్రాష్ ఒక్కటీ లేదు. సంబరపడి టీ కూడా తాగేశాం. తర్వాత చూస్తే కవరేజ్ అంకె (కోడ్‌లో ఎంత భాగం నడిచిందో చెప్పేది) మొదటి నిమిషంలో ఎక్కడుందో అక్కడే ఉంది. నిజానికి ముందు చూడాల్సింది అదే.

కారణం: రికార్డు చివర 4 బైట్ల చెక్‌సమ్ ఉంది, అంటే మిగతా బైట్ల నుంచి లెక్కగట్టి పెట్టిన సరిచూపు అంకె. ఫజర్ ఒక్క బైటు మార్చినా ఆ లెక్క కలవదు. లోడు చూడకుండానే ట్రాక్టర్‌ను గేటు దగ్గరే తిప్పి పంపినట్టు, పార్సర్ ఆ రికార్డును మొదట్లోనే తోసేస్తుంది. లోపలి కోడ్ అసలు నడవనే లేదు.

పరిష్కారం: ఫజర్ కోసం కంపైల్ చేసే బిల్డ్‌లో మాత్రమే, ఒక మాక్రోతో, చెక్‌సమ్ పరీక్షను దాటేయండి. ఫ్యాక్టరీకి ఇచ్చే బిల్డ్‌లో ఆ మాక్రో ఉండకూడదు, ఇది మాత్రం రెండుసార్లు చూసుకోండి. సీడ్‌లుగా (ఫజర్ మార్పులు మొదలుపెట్టే నమూనాలుగా) నిజమైన చిన్న రికార్డులు నాలుగైదు ఇవ్వండి. మెమరీ తప్పులను అక్కడికక్కడే పట్టే అడ్రస్ శానిటైజర్ తప్పనిసరి. అది లేకపోతే బఫర్ దాటి రెండు బైట్లు రాసినా ప్రోగ్రామ్ ఏమీ జరగనట్టే నడిచిపోవచ్చు. ఇవి చేశాక మాకు టీ చల్లారేలోపే క్రాష్ వచ్చింది: బండి నంబరు పొడవు చూడకుండా 16 బైట్ల బఫర్‌లోకి కాపీ చేస్తున్నాం! ఆ క్రాష్ ఫైలును అసలు బిల్డ్‌లో చూడాలంటే మాత్రం దాని చెక్‌సమ్‌ను మళ్లీ లెక్కగట్టి పెట్టాలి.

సమస్య: క్రాష్ ఫైలును విడిగా ఇస్తే క్రాష్ రావడం లేదు.

కారణం, పరిష్కారం: లిబ్‌ఫజర్ ఇన్‌పుట్లన్నీ ఒకే ప్రాసెస్‌లో నడుపుతుంది. పాత ఇన్‌పుట్ వదిలిన స్టాటిక్ వేరియబుల్ కొత్తదాన్ని చెడగొడుతోంది. ఫజర్ పార్సర్‌ను పిలిచే ప్రతిసారీ మొదట్లో అలాంటి వేరియబుల్స్ అన్నీ సున్నా చేయండి.

సమస్య: మెమరీ చాలక ఆగిపోతోంది.

కారణం, పరిష్కారం: 4 బైట్ల పొడవు ఫీల్డ్‌ను నమ్మి మాలక్ చేస్తే (అంత మెమరీ అడిగితే) ఒక్క చెత్త రికార్డు 4 జీబీ దాకా అడగగలదు. లిబ్‌ఫజర్ మామూలు పరిమితి 2048 ఎంబీ. దాన్ని పెంచకండి. మాలక్‌కు ముందు ఆ పొడవును ఫైల్లో మిగిలిన బైట్లతో పోల్చి, ఎక్కువైతే అక్కడే ఎర్రర్ ఇవ్వండి.