ఆకుముడతను తట్టుకునే టమాటా: మార్కర్లతో ఎంపిక నేను ఎలా చేస్తానంటే

టమాటాకు ఆకుముడత వైరస్ పట్టాక నయం చేసే మందు లేదు. తెల్లదోమకు ఎన్నిసార్లు పిచికారీ చేసినా కొన్ని తప్పించుకుంటాయి, వైరస్ అంటించడానికి ఆ కొన్ని చాలు. కాబట్టి తట్టుకునే శక్తి మొక్కలోనే ఉండాలి. అది అడవి టమాటాల్లో ఉంది. దాన్ని మంచి కాయనిచ్చే లైనులోకి (గుణాలు మారకుండా నిలిచే మన టమాటా రకంలోకి) తేవడానికి నేను చేసే పద్ధతి ఇది.

ముందు ఏ జన్యువు కావాలో తేల్చుకోండి. టీవై-1, టీవై-3 అనే జన్యువులు సొలానమ్ చిలెన్సె అనే అడవి టమాటా నుంచి వచ్చాయి, 6వ క్రోమోజోమ్ మీద ఉంటాయి. రెండూ ఒకే జన్యువుకు రెండు రూపాలని తర్వాత తేలింది. టీవై-2 సొలానమ్ హాబ్రోకైటిస్ అనే ఇంకో అడవి టమాటా నుంచి వచ్చింది, ఉండేది 11వ క్రోమోజోమ్ మీద. నేనైతే టీవై-3తో మొదలుపెట్టి దానికి టీవై-2 జోడిస్తాను. టీవై-2 ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, కొన్ని వైరస్ రకాల ముందు అది నిలబడదు.

తర్వాతి పనిని చాలామంది దాటేస్తారు, నా దృష్టిలో అసలు పని అదే. సంకరం చేయకముందే ఇద్దరు పేరెంట్ల డీఎన్ఏ మీద మార్కర్ వేసి చూడాలి. మార్కర్ అంటే జన్యువు పక్కనే ఉండి దాని జాడ చెప్పే డీఎన్ఏ ముక్క. దాన్ని పీసీఆర్‌తో, అంటే ముక్కకు లెక్కలేనన్ని కాపీలు తీసే పద్ధతితో పెంచి జెల్ మీద నడిపితే, పొడవును బట్టి ఒక గీత కనిపిస్తుంది. అదే బ్యాండ్, దాని పొడవును బేస్ పెయిర్లలో చెబుతాం. టీవై-3కి వాడే పీ6-25 మార్కర్‌తో తట్టుకోలేని మొక్కలో 320 బేస్ పెయిర్ల దగ్గర, టీవై-3 ఉన్న మొక్కలో 450 దగ్గర, దాని మరో రూపమైన టీవై-3ఏ ఉంటే 630 దగ్గర బ్యాండ్ వస్తుంది. టీవై-2కి టీ0302 మార్కర్ ఉంది: తట్టుకునేదానికి 900, తట్టుకోలేనిదానికి 800. ఈ రెండో తేడా చిన్నది, 2 శాతం ఎగరోస్ జెల్ మీద నిదానంగా నడిపితేనే విడిపోతుంది. ఇద్దరు పేరెంట్లకూ ఒకేచోట బ్యాండ్ వస్తే ఆ సంకరంలో ఆ మార్కర్ పనికిరాదు, ఇంకోటి వెతుక్కోవాలి.

సంకరానికి మొగ్గను రేపు విచ్చుకుంటుందనగా పట్టుకోవాలి. రేకులు ఇంకా లేత పసుపులోనే ఉంటాయి. కేసరాల గొట్టాన్ని సన్న పట్టకారుతో మెల్లగా లాగేసి, మర్నాడు పొద్దున రెండో పేరెంటు పుప్పొడి అద్దుతాను. మొగ్గ కిందున్న ఆకుపచ్చ రక్షకపత్రాల్లో రెంటిని సగానికి కత్తిరిస్తాను. ట్యాగు ఊడిపోయినా, కాయ పండాక ఆ కత్తిరింపు చూస్తే ఇది సంకరం కాయేనని తెలిసిపోతుంది.

మొదటి తరంలో ప్రతి మార్కర్‌కూ ఇద్దరు పేరెంట్ల బ్యాండ్లూ కనిపించిన మొక్కనే మన లైనుతో బ్యాక్‌క్రాస్ చేయాలి, అంటే మళ్లీ మన లైనుతోనే సంకరం చేయాలి. వచ్చే నారులో సగానికి టీవై-3 ఉంటుంది, రెండు జన్యువులూ ఉన్నవి నాలుగింట ఒకటి. నారు ట్రేలో ఉండగానే గోరంత లేత ఆకు తీయండి. ముదురాకు వద్దు, డీఎన్ఏ గోధుమరంగు తిరిగి పీసీఆర్ మొరాయిస్తుంది. సీటాబ్ ద్రావణంలో (ఆకు కణాల్ని పగలగొట్టి డీఎన్ఏను బయటికి తెచ్చే సబ్బులాంటి ద్రావణం) నూరి, 65 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, క్లోరోఫామ్‌తో శుభ్రం చేసి, ఐసోప్రొపనాల్‌తో అడుక్కి దించితే ఈ పనికి సరిపడా డీఎన్ఏ వస్తుంది.

ఇక్కడ నాకు తగిలిన దెబ్బ చెప్పాలి. ఒకసారి 96 గుంతల ప్లేటును తిరగేసి పెట్టాను. ఏ1 ఉండాల్సిన చోట హెచ్12 వచ్చింది. జెల్ మీద బ్యాండ్లు చక్కగా ఉన్నాయి, అనుమానమే రాలేదు. మంచి మొక్కలు పీకేసి, పనికిరానివాటి పూలకు సంకరం చేశాను. ఒక సీజన్ మొత్తం పోయింది. అప్పట్నుంచి ప్రతి ప్లేటులో తట్టుకునే పేరెంటు, తట్టుకోలేనిది, మొదటి తరం, ఉత్త నీళ్లు, ఈ నాలుగూ ఒకే మూలన వేస్తాను. ప్లేటు తిరగబడితే జెల్ మీద వెంటనే దొరికిపోతుంది. నీళ్ల గుంతలో బ్యాండ్ వస్తే ఆ ప్లేటు ఫలితం దేన్నీ నమ్మను, మళ్లీ చేస్తాను.

మూడు బ్యాక్‌క్రాస్‌లయ్యేసరికి సగటున 93.75 శాతం మన లైనే అవుతుంది. కానీ జన్యువుకు అటూ ఇటూ అడవి ముక్క పొడవుగా మిగిలిపోతుంది, ఎందుకంటే చిలెన్సె ముక్క దగ్గర క్రోమోజోమ్‌లు సులువుగా మార్పిడి కావు. అందుకని అటొకటి ఇటొకటి అదనపు మార్కర్లు వేసి, ఆ ముక్క తెగిన మొక్కను వెతకాలి. ఆ తర్వాత స్వపరాగ సంపర్కం చేయండి. రెండు జన్యువులూ చెరి రెండేసి కాపీలుగా ఉన్న మొక్క పదహారింట ఒకటి వస్తుంది. 47 మొక్కలు చూస్తే కనీసం ఒకటి దొరికే అవకాశం 95 శాతం, 72 చూస్తే 99 శాతం.

చివరికి వైరస్ పరీక్ష తప్పదు. జబ్బు మొక్కల మీద ఒకరోజు ఉంచిన తెల్లదోమల్ని, రెండు మూడు ఆకుల నారు మీద దోమతెరలో వదలాలి. పక్కన తట్టుకోలేని పేరెంటు ముడుచుకుంటేనే పరీక్ష జరిగినట్టు లెక్క. టీవై-3 వైరస్‌ను పూర్తిగా చంపదు, పెరగకుండా అణచిపెడుతుంది. అందుకని ఆరోగ్యంగా ఉన్న మొక్కలో వైరస్ కాస్త కనబడితే కంగారు పడొద్దు. 450 బ్యాండ్ ఒక్కటే ఉన్న మొక్క ముడుచుకుంటే మాత్రం దాన్ని పీకేయకండి. ఇంకో ఆకు తీసి డీఎన్ఏ మళ్లీ చేయండి. బ్యాండ్ అక్కడే వస్తే, జన్యువుకు అవతలి వైపు మార్కర్ కూడా వేసి, మధ్యలో తెగిందేమో చూడండి.