వీధిలో బండ్ల దూకుడు: లక్షణం, కారణం, పరిష్కారం

వీధిలో బండ్ల వేగం తగ్గించమని అర్జీ పెట్టాలంటే ముందు కొలత. అర్జీలో "చాలా స్పీడుగా పోతున్నారు" అని రాస్తే ఇంజనీరు చేతికి చిక్కేది ఏమీ ఉండదు. టేపుతో 50 మీటర్లు కొలిచి రోడ్డుకు అడ్డంగా రెండు సుద్దగీతలు గీయండి. ముందు చక్రం మొదటి గీత తాకగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, రెండో గీత దగ్గర ఆపండి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 6 సెకన్లయితే 30, 4.5 అయితే 40, 3.6 అయితే 50. గీతల దగ్గర నలుగురు గుమిగూడితే బండ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి, లెక్క చెడుతుంది. ఒక్కరే మేడ మీద నిలబడితే మేలు.

వంద బండ్ల వేగాలు రాసి, తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, 85వ అంకె చూడండి. ట్రాఫిక్ ఇంజనీర్లు పట్టించుకునేది దాన్నే. ఒక్క కుర్రాడు 70లో పోయాడని ఎవరూ వీధి తవ్వరు. ఆ అంకె 30 లోపే ఉండి జనం మాత్రం హడలిపోతుంటే, చాలాసార్లు అసలు గొడవ మార్చిన సైలెన్సర్లదే. దానికి స్పీడ్ బ్రేకర్ మందు కాదు, ట్రాఫిక్ పోలీసులకు బండి నంబరు ఇవ్వాలి.

స్పీడ్ బ్రేకర్ ఉంది, అయినా దూకించేస్తున్నారు

కారణం దాని ఆకారం. అడుగు వెడల్పు సిమెంటు గడ్డ మీద నెమ్మదిగా పోతే నడుము కదిలిపోతుంది. వేగంగా పోతే చక్రం ఒక్కటే ఎగిరి దిగుతుంది, కుదుపును షాకబ్జార్బర్లు మింగేస్తాయి. బుద్ధిగా పోయేవాడికే శిక్ష అన్నమాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ఐఆర్‌సీ 99 మార్గదర్శకాల్లో చెప్పిన గుండ్రటి హంప్ వేరు: బండి పోయే దిశలో 3.7 మీటర్ల పొడవు, నడిమధ్య 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం వంపు. దాన్ని 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటవచ్చు. అంతకు మించితే బండి మొత్తం పైకి లేస్తుంది.

పని జరిగేటప్పుడే అడిగి కొలిపించండి. అంచు నుంచి 92 సెంటీమీటర్లు లోపలికి వచ్చాక ఎత్తు 7.5 ఉండాలి. అక్కడే 10 వచ్చిందంటే వంపు లేదు, గోడ కట్టారు. ప్లైవుడ్‌ను ఆ వంపుకు కోసి తారు మీద ఆనిస్తే తేడా వెంటనే కనిపిస్తుంది.

దాటగానే మళ్లీ రెయ్యిమని పోతున్నారు

ఒక్క హంప్ ఆ ఒక్క చోటికే. పొడవైన తిన్నని వీధిలో మధ్య నుంచి మధ్యకు 100 నుంచి 120 మీటర్లకు ఒకటి చొప్పున పడాలి. తిరుమల ఘాట్ రోడ్డులో ఎక్కడానికి 28 నిమిషాలకు, దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదన్న నియమం పనిచేసేది అందుకే: అక్కడ చూసేది దారి పొడవునా పట్టిన సమయాన్ని. వీధిలో ఆ పని హంపుల వరుస చేయాలి. ఖర్చు లేని ఇంకో దారి: పార్కింగ్ గీతలను కొంతదూరం ఎడమ పక్క, కొంతదూరం కుడి పక్క గీయడం. దారి వంకరపోతే కాలు బ్రేకు మీదికి వెళుతుంది.

బైకులు అంచు నుంచి జారుకుంటున్నాయి

వాన నీటికని రెండు పక్కలా జాగా వదిలారు, అంతే. హంప్ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేసి, నీళ్లు పోయేచోట చిన్న కాలువ తీసి పైన ఇనుప జాలీ బిగించాలి.

రాత్రిపూట పడిపోతున్నారు

రంగు పోయింది, లేదా లైటు లేదు. నలుపు తెలుపు పట్టీలు మళ్లీ వేయించండి, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. రాత్రికి రాత్రి వీధివాళ్లే పోసిన గడ్డలకు ఇవేవీ ఉండవు. ఎవరైనా పడితే అది పోసినవాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

పోలీసులు ఫైన్ వేయడం లేదు

2018 కేంద్ర నోటిఫికేషన్ మున్సిపల్ పరిధిలో గరిష్ఠ వేగం కార్లకు 70, బైకులకు 60 అని పెట్టింది. ఆ లెక్కన మీ వీధిలో 50లో పోయేవాడు చట్టం తప్పలేదు! మోటారు వాహనాల చట్టం సెక్షన్ 112 కింద తక్కువ పరిమితి విధించి బోర్డు పెడితేనే 183 కింద జరిమానా నిలుస్తుంది. అర్జీలో స్పీడ్ బ్రేకర్ కన్నా ముందు ఆ బోర్డు అడగండి. నడిపేది మైనరైతే 199ఏ వర్తిస్తుంది, తండ్రికో బండి యజమానికో 25,000 జరిమానా.

బయటి బండ్లే ఎక్కువ

తిరుపతిలో అయితే, తిరుమల కొండ కింద ఉన్న అలిపిరి వైపు పోయే టాక్సీలు మెయిన్ రోడ్డు రద్దీ తప్పించుకోవడానికి మీ సందు పట్టాయేమో చూడండి. అలాంటప్పుడు లోపల ఎన్ని హంపులు వేసినా లాభం తక్కువ. వీధి మొదట్లోనే మలుపు ఇరుకు చేయాలి, లేదా రద్దీ వేళల్లో ఒకవైపు ప్రవేశం ఆపాలి. దీనికి కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసులు ఇద్దరూ ఒప్పుకోవాలి.

అర్జీకి ముందు రోడ్డు ఎవరిదో వార్డు సచివాలయంలో కనుక్కోండి. ఆర్ అండ్ బీ రోడ్డుకు కార్పొరేషన్‌కు రాస్తే కాగితం తిరుగుతూనే ఉంటుంది. కొలత పట్టిక జతచేసి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. పని పూర్తయిన నెలకు అదే చోట, అదే వేళల్లో మళ్లీ వంద బండ్లు లెక్కపెట్టండి. పక్క వీధిలోనూ లెక్కపెట్టండి, బండ్లు అటు మళ్లి ఉంటే అక్కడివాళ్ల అర్జీ వచ్చే సోమవారానికే వస్తుంది.