పెసలు, మినుములతో ప్రకృతి వరణాన్ని చేసి చూసే విధానం

పురుగు మందుకు అలవాటు పడిపోయిందనే మాట పత్తి పండించే ఊళ్లలో తరచుగా వినిపిస్తుంది. జీవ పరిణామాన్ని నేర్చుకోవాలనుకునేవారు మొట్టమొదట సరిచేసుకోవలసింది ఈ మాటనే. ఏ ఒక్క పురుగూ తన జీవితకాలంలో విషానికి అలవాటు పడలేదు. తట్టుకోలేనివి చచ్చిపోయాయి, పుట్టుకతోనే తట్టుకునే గుణం ఉన్నవి బతికి, తల్లి పురుగులై గుడ్లు పెట్టాయి. కొన్ని తరాలు గడిచేసరికి పురుగుల సంతతిలో ఏ రకం ఎంత ఉందన్న లెక్క తారుమారైంది. ఈ లెక్క మారడమే పరిణామం, దానిని ఒక దిశలో నడిపించిన ఏరివేతే ప్రకృతి వరణం. పాఠ్యపుస్తకంలోని నిర్వచనం ఎన్నిసార్లు చదివినా పట్టుబడని ఈ విషయం, రెండు గుప్పెళ్ల గింజలతో ఒక గంట కూర్చుంటే చక్కగా అర్థమవుతుంది.

ముందుగా అసలు పురుగును చూడాలి. వీలున్నవారు పంట చివరి దశలో పత్తి చేనుకు వెళ్లి, రైతు అనుమతితో ఇరవై పచ్చి కాయలు కోసి తెచ్చుకోవాలి. గులాబీ రంగు పురుగు చిన్నగా ఉన్నప్పుడే కాయలోకి దూరుతుంది, ఆ రంధ్రం పూడిపోతుంది కనుక పైనుంచి చూస్తే కాయ నిక్షేపంలా కనిపిస్తుంది. చాకుతో నిలువుగా చీల్చితే లోపల మరకపట్టిన దూది, తొలిచిన గింజ, ఆ గింజలో తల దాచుకున్న గులాబీ చారల పురుగు బయటపడతాయి. రేకులు విప్పుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పూలు కూడా దీని పనే. కాయలోపల దాక్కునే ఈ పురుగును పైమందులు సరిగా చేరవు. అందుకే పత్తి మొక్కలోనే విషాన్ని పుట్టించే బీటీ రకాలకు అంత ఆదరణ లభించింది.

బ్యాసిల్లస్ తురింజియెన్సిస్ (క్లుప్తంగా బీటీ) అనే నేల బాక్టీరియాలోని జన్యువును మొక్కలోకి చొప్పిస్తే, మొక్క క్రై అనే ప్రోటీనును తయారుచేస్తుంది. పురుగు దానిని తిన్నప్పుడు, ఆ ప్రోటీను పేగు గోడలోని కణాల మీద ఉండే క్యాడ్‌హెరిన్ అనే గ్రాహకానికి అతుక్కుని, కణాలకు చిల్లులు పడేలా చేసి పురుగును చంపుతుంది. క్యాడ్‌హెరిన్ జన్యువులో ఉత్పరివర్తనం ఉన్న పురుగులో ఈ అతుకు సరిగా పడదు. ఇటువంటి మార్పు యాదృచ్ఛికంగా, అతి కొద్ది పురుగుల్లో, ఎవరి అవసరంతోనూ నిమిత్తం లేకుండా తలెత్తుతుంది. విషం దానిని పుట్టించదు, అది ఉన్నవాటిని మిగులుస్తుంది. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కనుక, ఈ తేడా స్పష్టమయ్యేదాకా ముందుకు వెళ్లకూడదని నా అభిప్రాయం.

ఇక గింజల పని. ఒక గిన్నెలో 180 పెసలు, 20 మినుములు వేసి బాగా కలపాలి. పెస విషానికి లొంగే జన్యురూపం, మినుము తట్టుకునే రూపం. ప్రతి పురుగుకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు రూపాలు వస్తాయి కనుక, కళ్లు మూసుకుని రెండేసి గింజలు తీసి జంటలుగా పేర్చాలి. ఇప్పుడు మన ముందు వంద పురుగులున్నట్లు. గుణం అంతర్గతమైనది, అంటే రెండు గింజలూ మినుములైతే తప్ప పురుగు విషాన్ని తట్టుకోలేదు. లెక్క ప్రకారం సగటున 81 జంటల్లో రెండూ పెసలే ఉంటాయి, 18 జంటల్లో చెరొకటి ఉంటాయి, రెండూ మినుములైన జంట ఒక్కటే వస్తుంది.

మొదటి విడతలో చేనంతా బీటీ పత్తే అనుకోవాలి. పెస ఉన్న ప్రతి జంటనూ తీసివేయాలి. మిగిలిన ఒక్క జంట పిల్లలతోనే చేను మళ్లీ నిండాలి, ఆ పిల్లలన్నీ మినుములే. ఒక్క తరంలో పని పూర్తయింది. కొన్నిసార్లు రెండు మినుముల జంట ఒక్కటీ రాదు. అప్పుడు ఆ చేనులో పురుగు పూర్తిగా నశించినట్లు భావించి, గింజలు కలిపి మళ్లీ మొదలుపెట్టాలి. నిజమైన చేలలో పురుగులు లక్షల్లో ఉంటాయి కనుక ప్రకృతికి అటువంటి ఖాళీ చేయి ఎదురుకావడం అరుదు. ఆట సాగినంతసేపూ ఒక్క పెస కూడా మినుముగా మారలేదన్న సంగతిని గట్టిగా గుర్తుచేయాలి.

రెండవ విడతలో 180 పెసలు, 20 మినుములతోనే మొదలుపెట్టి, వంద జంటల్లో ఇరవైని చూడకుండానే పక్కన పెట్టాలి. ఇవి బీటీ కాని పత్తి మీద పెరిగిన పురుగులు, వీటికి విషం తగలదు. మిగిలిన ఎనభైలో రెండు మినుముల జంటలను మాత్రమే ఉంచి, వాటిని పక్కన పెట్టిన ఇరవైతో కలిపేయాలి. ఉదాహరణకు, ఆ ఇరవై జంటల్లో నాలుగు మినుములు ఉండి, ఎనభైలో ఒక జంట బతికిందనుకుంటే, 42 గింజల్లో 6 మినుములవుతాయి. అదే నిష్పత్తిలో గిన్నెను 200కు నింపితే 29 మినుములు, 171 పెసలు. మొదటి విడతలో ఒక్క తరానికే నూరు శాతానికి చేరిన గుణం ఇక్కడ పదిశాతం నుంచి సుమారు పద్నాలుగుకు మాత్రమే జరిగింది. కారణం పెళ్లిళ్లలో ఉంది: బతికిన మినుముల పురుగుకు చుట్టుపక్కల దొరికే తోడు ఎక్కువగా పెసల పురుగే, వాటి పిల్లలకు చెరొక గింజ వస్తుంది, ఆ పిల్లలు బీటీ చేనులో చచ్చిపోతాయి.

బీటీ చేను చుట్టూ నాన్ బీటీ పత్తి వేయమన్నది ఇందుకే. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి లభించినప్పుడే, విస్తీర్ణంలో 20 శాతం గాని చుట్టూ ఐదు వరుసలు గాని, ఏది ఎక్కువైతే అది ఆశ్రయ పంటగా వేయాలన్న నిబంధన పెట్టారు. 450 గ్రాముల బీటీ విత్తనంతోపాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చేవారు. చాలామంది ఆ ప్యాకెట్‌ను వేయలేదు. పురుగును పెంచడానికి పంట వదలడమేమిటన్న రైతు సందేహం సహజమైనది, గింజల లెక్కను ఎవరైనా ఎదురుగా కూర్చుని చూపించి ఉంటే జవాబు దొరికేదని నేను నమ్ముతాను. రెండు విష జన్యువులున్న రకాలు 2006లో వచ్చాయి. మొదటి రకాన్ని గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని 2010లో గుజరాత్ నుంచి వెల్లడైంది, తరువాతి కొన్నేళ్లలో రెండవ రకమూ లొంగిపోయింది, తెలంగాణ పత్తి చేలలోనూ నష్టం తీవ్రమైంది. అమెరికాలోని అరిజోనాలో రైతులు ఏళ్ల తరబడి ఆశ్రయ పంట వేశారు, 2006 నుంచి వంధ్యీకరించిన, అంటే సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను పెద్ద సంఖ్యలో వదిలారు. అక్కడి పత్తి ప్రాంతాల నుంచి ఈ పురుగును నిర్మూలించినట్లు ఆ దేశం 2018లో ప్రకటించింది.

ఇంతవరకు వచ్చినవారు శనగపచ్చ పురుగును కూడా ఇదే గిన్నెలో పెట్టి చూడాలి. అది పత్తితోపాటు కంది, శనగ, టమాటా వంటి అనేక పంటలను తింటుంది కనుక, ఎవరూ ప్రత్యేకంగా వేయకపోయినా దానికి ఆశ్రయ పంట పొరుగు చేలలోనే ఉంది. గులాబీ రంగు పురుగుకు దాదాపు పత్తి తప్ప మరో తిండి లేదు. రెండింటికీ ఒకే విషం ఎదురైనా గులాబీ రంగు పురుగే ముందుగా, విస్తృతంగా ఎందుకు నిలదొక్కుకుందో పక్కన పెట్టే జంటల సంఖ్యను ఇరవై నుంచి యాభైకి పెంచి ఆడితే తెలుస్తుంది.

చివరగా మొదలుపెట్టే మినుముల సంఖ్యను మార్చి చూడాలి. 200 గింజల్లో రెండే మినుములున్నప్పుడు ఇరవై జంటల ఆశ్రయంతో ఎన్ని తరాలు ఆడినా అవి సాధారణంగా పెరగవు, చాలాసార్లు పూర్తిగా మాయమవుతాయి కూడా. 60 మినుములతో మొదలుపెడితే, అదే ఆశ్రయం ఉన్నా ఒక్క తరానికే గిన్నెలో దాదాపు సగం నల్లబడుతుంది.