పాత చెక్క చర్చికి తేదీలు పట్టడం ఎలా: పెటాయావెసి ఉదాహరణగా

చెక్క చర్చి చరిత్ర రాయబోయేవాళ్లు ముందుగా ‘ఎప్పుడు కట్టారు’ అని ఒక్క ఏడాది కోసం వెతుకుతారు. చెక్క కట్టడం విషయంలో ఆ ప్రశ్నే సరైంది కాదు. గోడలు పొడిగిస్తారు, కిటికీలు పెంచుతారు, పైకప్పు మారుస్తారు. మధ్య ఫిన్లాండ్‌లోని పెటాయావెసి పాత లూథరన్ చర్చినే తీసుకోండి. నాలుగు చేతులూ సమానంగా ఉన్న సిలువ ఆకారపు ప్రధాన కట్టడాన్ని 1763-65లో యాక్కో క్లెమెటిన్‌పోయికా లెప్పానెన్ అనే స్థానిక మేస్త్రి లేపాడు. ఘంటా గోపురం 1821లో ఆయన మనవడు ఎర్కీ చేతిమీద వచ్చింది. అందుకని ఒక్కో భాగానికీ విడిగా తేదీ పట్టాలి.

ముందు గోడలు చూడండి, తర్వాతే కాగితాలు. కాగితాలు చదివి వెళితే కళ్లు వాటిలో ఉన్నదాన్నే వెతుకుతాయి. ఒకేసారి లేపిన గోడల్లో దుంగలు మూల దగ్గర ఒకదాన్నొకటి కరిచి పట్టుకుంటాయి. గోడలో పైనుంచి కిందిదాకా నిలువు అతుకు ఉండి, దుంగలన్నీ అక్కడే ఆగిపోతే అవతలి భాగం తర్వాత చేర్చిందేమోనని అనుమానించాలి. అయితే దుంగ పొడవు చాలకపోయినా అతుకు వేస్తారు. అతుక్కి రెండు వైపులా చెక్కిన తీరు, సందుల్లో కుక్కిన నాచు ఒకటేనా అని చూశాకే నిర్ణయానికి రండి.

టార్చిలైటును గోడకు దాదాపు ఆనించి, వెలుగు పక్కవాటుగా పడేలా పట్టుకోండి. గొడ్డలితో చెక్కిన చోట లోతు తక్కువ గుంటలు వరసగా కనిపిస్తాయి. పైకీ కిందకీ ఆడే రంపం తిన్నని గీతలు వదులుతుంది, గుండ్రటి రంపం గీతలు విల్లులా వంగి ఉంటాయి. వంపు గీతలున్న పలకను 18వ శతాబ్దానికి కట్టబెట్టకండి. మేకులూ అంతే: కమ్మరి కొట్టినది నాలుగు పలకలుగా సన్నబడుతుంది, గుండ్రటి తీగ మేకు 19వ శతాబ్దం చివర్లో వాడుకలోకి వచ్చింది. కాకపోతే మేకు చెప్పేది తన వయసే. మరమ్మతులో పాత పలకకు కొత్త మేకు కొట్టడం మామూలే. పైకప్పు చెక్క పెంకుల మీద మాత్రం సమయం వృథా చేయకండి. వాటిని ఎన్నోసార్లు మార్చి, తారు పూసి ఉంటారు.

కచ్చితమైన ఏడాది కావాలంటే దుంగల వార్షిక వలయాలు (చెట్టు ఏడాదికొకటి చొప్పున వేసే వలయాలు) లెక్కపెట్టించాలి. బోలు డ్రిల్లుతో సన్నటి నమూనాలు తీస్తారు. ఒక్క దుంగను నమ్ముకోకుండా ఒక్కో భాగం నుంచి 8-10 దుంగలు ఎంచుకోండి. నమూనాలో కనీసం 50 వలయాలైనా లేకపోతే తేదీ తెలిసిన వలయాల వరసతో పోలిక కుదరడం కష్టం. అన్నిటికంటే ముఖ్యమైనది బెరడు కింద ఉండే చివరి వలయం. అది మిగిలి ఉంటే చెట్టు నరికిన ఏడాది తెలుస్తుంది. గొడ్డలితో అంచు చెక్కేసి ఉంటే ‘ఫలానా ఏడాది తర్వాత’ అనేవరకే చెప్పగలం. నరికిన ఏడాదీ కట్టిన ఏడాదీ ఒకటి కానక్కర్లేదు, పాత కట్టడం దుంగలు తెచ్చి వాడినా లెక్క తప్పుతుంది. 1917కు ముందు కట్టిన లూథరన్ చర్చిలకు ఫిన్లాండ్ చర్చి చట్టం రక్షణ ఉంది. కాబట్టి అనుమతి లేకుండా డ్రిల్లు ముట్టుకోవద్దు.

ఇక కాగితాలు. 1809 దాకా ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగం కనుక రిజిస్టర్లు స్వీడిష్‌లో ఉంటాయి. యాక్కో అక్కడ యాకోబ్, ఎర్కీ ఎరిక్. ఫిన్నిష్ పేరుతో వెతికి ‘లేడు’ అని తేల్చేయకండి. పెటాయావెసి అప్పట్లో యామ్సా పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) కింది చాపెల్, అంటే ఉపచర్చి, కాబట్టి ఆ పారిష్ పుస్తకాలు కూడా తిరగేయాలి. బాప్తిస్మ రిజిస్టర్ కంటే చర్చి నిధి లెక్కలు ఎక్కువ పనికొస్తాయి. మేకులు, తారు, గాజు, కూలి ఏ ఏడాది కొన్నారో చెల్లించారో అందులోనే దొరుకుతుంది. 1827లో టుర్కు నగరంలో జరిగిన అగ్నిప్రమాదంలో కేంద్ర రికార్డులు చాలావరకు కాలిపోయాయి, అందుకే ఊరి పుస్తకాలకు అంత విలువ.

తేదీలతో జాగ్రత్త. స్వీడన్ రాజ్యం క్యాలెండర్ మార్చుకోవడంతో 1753లో ఫిబ్రవరి 17 మర్నాడే మార్చి 1 వచ్చింది. 1712 ఫిబ్రవరి 30 అని కనిపిస్తే గుమాస్తాను తప్పుపట్టకండి, స్వీడన్ రాజ్యంలో ఆ రోజు నిజంగానే ఉంది.

ఎక్కువమంది పొరబడేది 1879 దగ్గర. ఆ ఏడాది కొత్త చర్చి రావడంతో పాతదాన్ని వాడటం మానేశారు. కాబట్టి ఆ తర్వాతి లెక్కల్లో ‘చర్చికి రంగు’, ‘చర్చికి పొయ్యి’ అని ఉంటే అది ఏ చర్చో ముందు తేల్చుకోవాలి. పాతదాన్ని ఎవరూ ఆధునికంగా మార్చకపోవడం వల్లే లోపలి దుంగలు రంగు లేకుండా మిగిలాయి, 1994లో యునెస్కో జాబితాలో చోటు దక్కింది. అలాగని ప్రతి దుంగా 18వ శతాబ్దానిదని అనుకోకండి. 1929 నుంచి మరమ్మతులు మొదలయ్యాయి. నమూనా తీసే ముందు ఆ నివేదికలు అడిగి, మార్చిన దుంగలను మీ నక్షాలో వేరే రంగుతో గుర్తు పెట్టుకోండి.