పిల్లి పళ్ళు తోమే ముందు ఇవి చూసుకోండి

ముందు నోరు చూడండి. పెదవి కొంచెం పైకెత్తితే చాలు. చిగుళ్ళు ఎర్రగా వాచి ఉన్నా, రక్తం కనిపించినా, నోరు బాగా కంపు కొడుతున్నా, తిండి ఒకవైపే నములుతున్నా ఆ రోజు బ్రష్ ముట్టుకోవద్దు, డాక్టర్‌కి చూపించండి. నొప్పి ఉన్న నోట్లో బ్రష్ పెడితే పిల్లి మళ్ళీ మిమ్మల్ని దగ్గరికి రానివ్వదు.

నాలుగు నుంచి ఆరు నెలల పిల్లయితే పాలపళ్ళు ఊడే సమయం, చిగుళ్ళు సలుపుతుంటాయి, కొన్నాళ్ళు ఆగండి.

మన పేస్ట్ అస్సలు వద్దు. పిల్లికి ఉమ్మడం రాదు, పెట్టిందంతా మింగేస్తుంది, అందులో ఫ్లోరైడ్, నురగ వచ్చే పదార్థాలు ఉంటాయి. పిల్లుల కోసం చేసిన పేస్టే కొనండి, దొరక్కపోతే ఉత్త నీళ్ళతో తోమండి. ఇంకో మాట, దయచేసి వినండి: మనకి పంటినొప్పి వస్తే లవంగ నూనె రాసుకుంటాం కదా, పిల్లికి అది విషం, ఒక్క చుక్క కూడా వద్దు.

మొదటి రోజే బ్రష్ తీయకండి. వారం రోజులు వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, పళ్ళ బయటివైపు మాత్రమే, కొన్ని సెకన్లు మెల్లగా రుద్దండి. లోపలివైపు నాలుకే చాలావరకు శుభ్రం చేస్తుంది.

గార గట్టిపడి ఉంటే గోటితో, పిన్నుతో గీకొద్దు. అది డాక్టర్ మత్తు ఇచ్చి తీయాల్సిన పని.

మెడ పట్టి అదిమి పెట్టొద్దు. పెనుగులాడితే వదిలేయండి, రేపు చూడొచ్చు.