పులిచింత వాడిపోతోందా? నీళ్లు పోసే ముందు ఆకు చూడండి

'క్లోవర్' అని తెచ్చుకున్న కుండీలో పసుపు పూలు పూస్తున్నాయా? ఒక ఆకు కోసి చూడండి. మూడు రెబ్బలూ గుండె ఆకారంలో ఉండి, నమిలితే పుల్లగా ఉంటే అది మన పులిచింత. చెన్నైలో పులియారై అంటారు. అసలు క్లోవర్ చిక్కుడు కుటుంబానిది, నత్రజనిని వేళ్ల బుడిపెల్లో తనే సమకూర్చుకుంటుంది. పులిచింతకి ఆ వసతి లేదు, అప్పుడప్పుడూ గుప్పెడు వర్మికంపోస్టు మనమే వేయాలి.

ఆకులు గొడుగులా ముడుచుకుంటున్నాయి

రాత్రిపూట అయితే అది నిద్ర. మిట్టమధ్యాహ్నం అయితే ఎండ నుంచి కాచుకోవడం. చాలామంది ఇక్కడే కంగారుపడి చెంబుడు నీళ్లు పోసేస్తారు. నా మొదటి కుండీ అలాగే కుళ్లిపోయింది, ఇప్పటికీ బాధే. కుండీని నీడలోకి జరపండి. కాసేపటికి విచ్చుకుంటే ఏ జబ్బూ లేదు. మర్నాడు పొద్దున కూడా ముడుచుకునే ఉంటే వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. పొడిగా ఉంటే నీళ్లు పోయండి. జిగటగా ఉండి మురుగు వాసన వస్తే వేళ్లు కుళ్లుతున్నాయి.

ఆకులు పసుపెక్కుతున్నాయి

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ఏ ఆకులు పండాయో చూడాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి మొక్కంతా పాలిపోతే నీళ్లు నిలిచాయని అర్థం. కుండీ అడుగు రంధ్రంలో పుల్ల ఆడించండి, కింద రెండు ఇటుకలు పెట్టండి. అలా కాక లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదు. కుండీ అంచున తెల్లటి పొరని గోరుతో గీరండి. ఉప్పులా రాలితే తప్పు బోరు నీళ్లది. సముద్రం దగ్గరి వీధుల్లో ఇది మరీ ఎక్కువ. మెట్రో వాటర్ (చెన్నైలో కుళాయికి వచ్చే నగర సరఫరా నీళ్లు) గానీ, పట్టిపెట్టిన వాన నీళ్లు గానీ అడుగు నుంచి కారేదాకా రెండు మూడుసార్లు పోసి ఉప్పుని కడిగేయండి. మట్టి బాగా పాడైతే కణుపుల దగ్గర వేరుపోసుకున్న తీగ ముక్కని కొత్త మట్టిలో నాటడమే మేలు. పులిచింత ఇట్టే అంటుకుంటుంది.

ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు, వెనక బూజు లాంటి గూడు

ఇది మొక్కల నల్లి, ఆకు రసం పీల్చే సన్నటి పురుగు, మంచం నల్లి కాదు. మే నెల కత్తిరి ఎండల్లో ముసురుతుంది. ఆకు వెనకవైపు నీళ్లు గట్టిగా చిమ్మండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.

నారింజ రంగు మచ్చలైతే తుప్పు తెగులు. మొక్కజొన్నకి తుప్పు తెచ్చే శిలీంధ్రం ఒక దశ పులిచింత మీదే గడుపుతుంది. ఆ ఆకులు కోసి పారేయండి. సన్నటి ఆకుపచ్చ పురుగులు ఆకు గీకుతుంటే మాత్రం మందు కొట్టకండి. అవి చిన్న నీలి సీతాకోకచిలుక పిల్లలు కావచ్చు. నేనైతే వాటికి ఒక కుండీ వదిలేస్తాను.

పూలు రావట్లేదు

నీడ ఎక్కువైంది, లేదా ఎరువు ఎక్కువైంది. పొద్దుటి ఎండ నాలుగు గంటలు తగిలే చోట పెట్టండి.

పక్క కుండీలన్నిటా మొలుస్తోంది

బుల్లి బెండకాయల్లాంటి కాయలు చూశారా? ముదిరినదాన్ని వేళ్లతో తాకితే టప్పున పగిలి గింజలు అరచేతికి తగులుతాయి. పచ్చిగా ఉండగానే తుంచేయండి. ఆకులు ఎక్కువైతే పప్పులో వేయండి. ఇందులో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది, కిడ్నీలో రాళ్లున్నవాళ్లకి మాత్రం వడ్డించకండి.